నూరేండ్ల వరద

“నూరేండ్ల వరద” అను మాట వినగానే ఎవరికైనను కొంత ఊరట కలుగును. తాతల కాలమున ఒకసారి వచ్చినది, మునిమనుమల కాలమున మరియొకసారి వచ్చును, నడుమ నున్నవారికి భయము లేదు అని దానికి అర్థము చెప్పుకొందురు. ఆ మాటను పుట్టించిన ఇంజనీర్ల అభిప్రాయము అది కాదు. వారు చెప్పినదానికిని, జనులు విన్నదానికిని నడుమ ఎంత దూరమున్నదో అమెరికాలోని ఒక పల్లెటూరి చరిత్ర చూపును. ఇల్లినాయ్ రాష్ట్రములో మన్రో కౌంటీకి చెందిన వాల్‌మేయర్ ఆ ఊరు. వరద స్వభావమును గ్రహించుటకును, వరద బీమా ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిసికొనుటకును ఆ ఊరి కథ మంచి పాఠము.

మెరకయు, పల్లమును

అమెరికాలో కౌంటీ అనునది జిల్లా వంటి పరిపాలనా విభాగము. కాని చాల చిన్నది. ఇల్లినాయ్ ఒక్క రాష్ట్రములోనే 102 కౌంటీలు కలవు. మన్రో కౌంటీ సెయింట్ లూయిస్ మహానగరమునకు దక్షిణముగా, మిసిసిపీ నది తూర్పు ఒడ్డున ఉన్నది. 2020 జనాభా లెక్కలలో అక్కడి జనసంఖ్య 35 వేలకు లోపు. తెలుగునాట అది ఒక చిన్న మండలపు జనాభా.

ఈ కౌంటీ భూమి రెండు అంతస్తులుగా ఉన్నది. తూర్పున సున్నపురాతి మెట్ట. కౌంటీ ముఖ్యపట్టణమైన వాటర్లూ ఆ మెట్టమీదనే కలదు. పడమటి అంచున మెట్ట నిలువుగా తెగి, గోడవలె నిలిచినది. ఆ గోడ పాదము మొదలు నది ఒడ్డు వరకు కొన్ని మైళ్ల వెడల్పున చదునైన నేల పరచుకొని యున్నది. దానిని ‘అమెరికన్ బాటమ్’ అందురు. అది నది స్వయముగా తెచ్చి పోసిన ఒండ్రునేల. మొక్కజొన్న, సోయా చిక్కుడు, గోధుమ అక్కడ సమృద్ధిగా పండును. గోదావరి లంకలను ఎరిగినవారికి ఈ నేలను గూర్చి వేరుగా చెప్ప నక్కరలేదు. చేనికి ఒండ్రు నిచ్చినది వరద. ఇంటిని ముంచునదియు ఆ వరదయే. ఒకదానిని కోరి, రెండవదానిని వలదనుట సాధ్యము కాదు గనుకనే, ఇట్టి నేలలలో మానవుడు కరకట్టలు కట్టుకొనెను.

వాల్‌మేయర్ ఆ పల్లపు నేలలో వెలసిన ఊరు. 1993 నాటికి దాని జనాభా సుమారు 900. 1943లోను, 1944లోను, 1947లోను ఆ ఊరు మునిగెను. ఐదేండ్లలో మూడు వరదలు. అటుపిమ్మట అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగమువారు నది కరకట్టను ఎత్తుచేసి బలపరచిరి. ఆనాటినుండి 46 ఏండ్లు నది ఊరిలోనికి రాలేదు. ఒక తరమువారు ఆ కట్ట నీడలోనే పుట్టి, పెరిగి, ఇండ్లు కట్టుకొనిరి. వారి పిల్లలకు వరద అనునది పెద్దలు చెప్పు పాతకాలపు ముచ్చటగా మిగిలెను.

కరకట్ట చేసిన ఉపకారము నిజమైనది. 46 ఏండ్ల పంటలను, ఇండ్లను అది కాచెను. కాని కట్టకు ఒక గుణము కలదు. చిన్న వరదలను అది కంటికి కనబడనీయదు. ఏటేట కాలు తడిసినవాడు నదిని మరువడు. కాలు తడియనివాడు మరచును. మరచినవాడు కట్టకు ఇంకను చేరువగా, ఇంకను విలువైన ఇల్లు కట్టును. ఒకనాడు నీరు కట్టను దాటినచో, కట్ట లేని కాలమునకంటె నష్టము పెద్దదగును. గిల్బర్ట్ వైట్ అను అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు షికాగో విశ్వవిద్యాలయమున 1942లో సమర్పించి, 1945లో ప్రకటించిన పరిశోధన గ్రంథమున ఈ సంగతి విశదీకరించెను. వరదను కట్టలతో ఆపుట ఒక్కటియే మార్గము కాదనియు, ఇండ్లను ఎత్తుగా కట్టుట, ముందుగా హెచ్చరించుట, పల్లపు నేలలో కట్టడములను అదుపు చేయుట, బీమా, అవసరమైనచో ఊరినే మార్చుట – వీనినన్నిటిని కలిపి ఆలోచింపవలెననియు ఆయన వాదము. ఆ గ్రంథము వెలువడిన పిమ్మట దాదాపు అర్ధ శతాబ్దమునకు వాల్‌మేయర్ ఆ మార్గములన్నిటిని తరచి చూడవలసి వచ్చెను.

సంచిలోని గురివింద

నూరేండ్ల వరద యనగా ఏమో తెలిసికొనుటకు పెద్ద గణితశాస్త్రము అవసరము లేదు. ఒక సంచి, కొన్ని గింజలు చాలును. ఏ తరగతిగదిలోనైనను ఉపాధ్యాయుడు దీనిని చేసి చూపవచ్చును.

సంచిలో 99 చింతగింజలు, ఒక గురివిందగింజ వేయవలెను. కన్నులు మూసికొని ఏటికొక గింజ చొప్పున తీయవలెను. చింతగింజ వచ్చినచో ఆ యేడు క్షేమము. గురివింద వచ్చినచో వరద. ఇందులో ముఖ్యమైన నియమ మొకటి కలదు. తీసిన గింజను మరల సంచిలోనే వేసి, కలిపి, ఆపైననే మరుసటి యేటి గింజను తీయవలెను. ఈ నియమమును మరచుటయే లోకుల పొరపాటు. నిరుడు గురివింద వచ్చినది గనుక ఈ యేడు రాదనుకొందురు. ఏబదియేండ్లుగా రాలేదు గనుక ఇక రాదని కొందరు, ఇక వచ్చి తీరునని కొందరు అనుకొందురు. సంచికి జ్ఞాపకము లేదు. ప్రతి యేడును నూటికి ఒక వంతు అవకాశమే.

అట్లైనచో 30 ఏండ్లలో ఒక్కసారియైనను గురివింద వచ్చు నవకాశమెంత? ఒక యేడు తప్పించుకొనుటకు అవకాశము 0.99. రెండేండ్లు వరుసగా తప్పించుకొనుటకు 0.99ను 0.99తో గుణింపవలెను, అది 0.9801. ఈ విధముగా ముప్పదిసార్లు గుణించినచో సుమారు 0.74 వచ్చును. అనగా తప్పించుకొనువారు నూటికి 74. చిక్కువారు నూటికి 26. అమెరికాలో ఇంటి అప్పు సామాన్యముగా 30 ఏండ్లకు తీరును. ఆ ఇల్లు నూరేండ్ల వరద గీతమీద ఉన్నచో, అప్పు తీరునంతలో వరద ఒక్కసారియైన తాకుటకు నాలుగింట ఒక వంతుకు మించిన అవకాశము కలదు. వాల్‌మేయర్ పొడిగా గడిపిన 46 ఏండ్లకు ఈ లెక్కయే వేసినచో నూటికి 37 వచ్చును. నూరేండ్లకు వేసినచో 63 మాత్రమే వచ్చును. అనగా నూరేండ్లు గడిచినను ఒక్కసారియు రాకపోవచ్చును. అదే నూరేండ్లలో రెండుసార్లో, అంతకు మించియో వచ్చుటకును నూటికి 26 వంతుల అవకాశము కలదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు నేడు “నూరేండ్ల వరద” అను మాటను తగ్గించి, “ఏటికి నూటికొక వంతు అవకాశము గల వరద” అని చెప్పుచున్నారు. మాట పొడవైనది, కాని మోసము లేనిది.

మరియొక చిక్కు కలదు. సంచిలో గురివిందలు ఎన్ని ఉన్నవో ఎవరును చూచినవారు లేరు. గడచిన యేండ్లలో నది ఎంతెంత ఎత్తున పారినదో కొలిచి, ఆ కొలతలనుబట్టి అంచనా వేయుదురు. ఎగువను అడవి నరికినను, చిత్తడి నేలలను ఎండగట్టినను, కట్టలతో నదిని ఇరుకు చేసినను, వానల తీరు మారినను ఆ సంఖ్య మారును. పాత లెక్క పాత సంచికి సంబంధించినది.

1993 వేసవి

1993వ సంవత్సరమున అమెరికా మధ్యభాగమున వసంతకాలమునందే నేల తడిసి నిండియుండెను. వేసవిలో వానలు వదలక కురిసెను. తొమ్మిది రాష్ట్రములలో నదులు పొంగెను. సెయింట్ లూయిస్ కడ మిసిసిపీ 30 అడుగులు దాటినచో వరదగా లెక్కింతురు. అంతకుముందు అక్కడ నమోదైన గరిష్ఠ మట్టము 1973 నాటి 43.23 అడుగులు. 1993 ఆగస్టు 1వ తేదీన నీరు 49.58 అడుగులకు చేరెను. ఆనాటి గరిష్ఠ ప్రవాహము 10 లక్షల 80 వేల క్యూసెక్కులు. 2009 అక్టోబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ కడ కృష్ణ పారిన తీరు కన్నవారు ఇంచుమించు అంతటి నీటిని కన్నులార చూచినవారే.

మన్రో కౌంటీ రైతులు, విద్యార్థులు, చుట్టుపట్ల ఊళ్లవారు రేయింబవళ్లు ఇసుక బస్తాలు మోసి కట్టను ఎత్తు చేయుచుండిరి. కాని ఆగస్టు 1వ తేదీననే వాల్‌మేయర్‌కు ఎగువన, కొలంబియా పట్టణమునకు చేరువను కట్టకు గండిపడెను. నీరు కట్ట వెనుకకు వచ్చి, మెట్టకును కట్టకును నడుమ దక్షిణముగా పారెను. ఇట్టి సమయమున కట్ట పాత్ర తలక్రిందులగును. అంతవరకు నీటిని బయట ఉంచిన కట్ట, అప్పుడు నీటిని లోపల నిలువయుంచు చెరువుగట్టు అగును. ఇంకను దిగువ నున్న ప్రేరీ డు రోషర్ అను ప్రాచీన గ్రామమును కాపాడుటకు అధికారులు ఒకచోట కట్టను బుద్ధిపూర్వకముగా తెంచి, నీటిని నదిలోనికి మరల్చిరి. ఆ గ్రామము దక్కెను. వాల్‌మేయర్ దక్కలేదు. జనులు ముందుగనే ఊరు విడిచి మెట్టకు చేరియుండిరి. ఇండ్లలో పైకప్పుల ఎత్తున నీరు నిలిచెను. నీరు తీసి, బురద కడుగుకొనుచుండగనే సెప్టెంబరులో మరియొకసారి ముంపు వచ్చెను.

ఆ యేటి వరదలలో వెయ్యికి పైగా కట్టలు తెగుటయో, పొర్లుటయో జరిగెను. సుమారు 50 మంది మరణించిరి. నష్టము 1,500 కోట్ల డాలర్లని అంచనా. ముంపునకు గురియైన ఇండ్లలో వరద బీమా ఉన్నవి కొద్ది మాత్రమే. ఎందుచేత?

నిప్పు వేరు, నీరు వేరు

బీమా యనునది చందాల పద్ధతి. వేయి ఇండ్లవారు ఏటేట కొంత సొమ్ము చెల్లింతురు. ఒక ఇల్లు కాలినచో ఆ సొమ్ముతో దానిని నిలబెట్టుదురు. ఏ ఇల్లు కాలునో ఎవరికిని తెలియదు గనుక అందరును చేరుదురు. అన్నియు ఒకేసారి కాలవు గనుక సొమ్ము చాలును. అగ్ని బీమా ఈ రెండు స్తంభములమీద నిలిచియున్నది.

వరద ఈ రెండు స్తంభములను కూల్చును. వచ్చినచో ఒక ఇంటితో పోదు. ఊరంతయు ఒకనాడే మునుగును. చందాపెట్టె ఒక్క రాత్రిలో ఖాళీ యగును. మునుగు ఇల్లు ఏదో ముందే తెలియును గనుక మెట్టమీదివాడు చేరడు. నది ప్రక్కవాడు మాత్రమే చేరును. చేరినవారందరును ప్రమాదమునందున్నవారే యైనచో ప్రీమియము పెరుగును. పెరిగినకొలది కొందరు మానుకొందురు. 1927లో మిసిసిపీ దిగువ భాగమున వచ్చిన మహా వరద పిమ్మట ప్రైవేటు కంపెనీలు ఈ వ్యాపారమునుండి దాదాపు తప్పుకొనినవి. సామాన్యమైన ఇంటి బీమా పాలసీలో వరద నష్టము చేరదు. ఈ సంగతి చాలమందికి ఇల్లు మునిగిన పిమ్మటనే తెలియును.

1965లో బెట్సీ తుపాను లూసియానా రాష్ట్రమును ముంచెను. ఆపైన అమెరికా ప్రభుత్వము ఈ భారమును తానే పూనెను. 1968లో జాతీయ వరద బీమా చట్టము వచ్చెను. అది ఒక ఒడంబడిక వంటిది. ఊరో, కౌంటీయో తన వరద నేలలో కట్టడములను అదుపు చేయు నిబంధనలను ఆమోదింపవలెను; కొత్తగా కట్టు ఇంటి నేలమట్టము నూరేండ్ల వరద మట్టమునకు తగ్గరాదు. అట్లు ఆమోదించిన ప్రాంతములవారికే ప్రభుత్వము బీమా అమ్మును. తొలి యేండ్లలో కొన్నవారు బహుస్వల్పము. 1972లో ఆగ్నెస్ తుపాను వచ్చి ఈ లోపమును బయట పెట్టెను. 1973 చట్టముతో, వరద నేలలోని ఇంటిపై ప్రభుత్వ హామీ గల అప్పు తీసికొనువారు బీమా తప్పక కొనవలెనను నియమము ఏర్పడెను.

ఈ బీమాకు హద్దులు కలవు. ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు, ఇంటిలోని సామానుకు లక్ష డాలర్లు మించి ఇయ్యరు. నేలకు, చేనిలోని పైరుకు ఇది వర్తింపదు. పైరు బీమా వేరు. పాలసీ కొన్ననాడే అమలులోనికి రాదు. సామాన్యముగా 30 దినములు ఆగవలెను. ఈ గడువునకు 1993 వరదయే కారణము. అంతకుముందు గడువు ఐదు దినములే. పెద్దనది వరద ఎగువనుండి దిగువకు మెల్లగా దిగును గనుక, ఎగువ ఊళ్లు మునుగుట చూచి దిగువవారు పాలసీలు కొనిరి. 1994లో చట్టమును సవరించి గడువును 30 దినములు చేసిరి. ఇల్లు అంటుకొనిన పిమ్మట బావి త్రవ్వువానికి నీరు దొరకదు గదా!

ప్రీమియము న్యాయమైనదా యనుటకు గురివింద లెక్కయే ఆధారము. రెండు లక్షల డాలర్ల ఇల్లొకటి నూరేండ్ల వరదలో సగము పాడగుననుకొందము. నష్టము లక్ష. ఏటికి నూటికొక వంతు అవకాశము గనుక, సగటున ఏటికి వెయ్యి డాలర్లు. ఇది ఒక్క వరద లెక్క. అంతకు చిన్నవి తరచుగాను, అంతకు పెద్దవి అరుదుగాను వచ్చును గనుక మొత్తము ఇంకను హెచ్చగును. పల్లెలోని రైతు కుటుంబమునకు ఇది తేలిక సొమ్ము కాదు. పది యేండ్లు చెల్లించి, వరద రానిచో, ఆ సొమ్ము నీటిలో పోసినట్లు తోచును. కాని పది యేండ్లు ఇల్లు కాలలేదని అగ్ని బీమాను ఎవరును తిట్టరు.

ప్రభుత్వము చిరకాలము పాత ఇండ్లకు నిజమైన ప్రమాదమునకంటె తక్కువ ధరకే పాలసీ లిచ్చెను. దయతో చేసిన ఈ పనికి రెండు ఫలితములు కలిగెను. 2005 నాటి కత్రినా తుపాను మొదలుకొని చెల్లింపులు పెరిగి, ఆ నిధి అప్పులలో మునిగెను; 2017లో అమెరికా కాంగ్రెసు 1,600 కోట్ల డాలర్ల అప్పును మాఫీ చేయవలసి వచ్చెను. రెండవ ఫలితము ఇంకను సూక్ష్మమైనది. తక్కువ ధర “ఇక్కడ ప్రమాదము తక్కువ” అని అబద్ధము చెప్పును. 2021 అక్టోబరునుండి కొత్త పద్ధతి ప్రవేశపెట్టిరి. ఇల్లు నదికి ఎంత దూరము, ఏ విధమైన వరదకు లోబడును, తిరిగి కట్టుటకు ఎంత వ్యయమగును అనువానిని ఇంటింటికి లెక్కించి ధర నిర్ణయింతురు. ధర నిజమునకు దగ్గరయ్యెను. పేదవాని జేబుకు దూరమయ్యెను. ఈ రెంటిని కలుపుట ఎట్లన్నది అక్కడి ప్రజాప్రతినిధుల నడుమ తెగని వాదము.

ఊరు మెట్ట నెక్కుట

వాల్‌మేయర్ వారికి ఆ బీమా చట్టములోని మరియొక నియమము ఎదురయ్యెను. వరద నేలలో పాడైన ఇంటి మరమ్మతు, ఆ ఇంటి విలువలో సగమునకు సమానమో, అంతకు మించినదో యైనచో, దానిని పూర్వపు మట్టముననే తిరిగి కట్టరాదు. నూరేండ్ల వరద మట్టమునకు ఎత్తవలెను. ఆ ఊరిలో నూటికి 90కి మించిన కట్టడములు ఆ విధముగా దెబ్బతినెను. ఊరిని ఉన్నచోట నిలుపవలెనన్నచో ఇండ్లను ఎత్తైన స్తంభములమీద నిలుపవలెను. ఎవరి దారి వారు చూచుకొన్నచో ఊరు అనునది మిగులదు. మూడవ దారి, ఊరంతయు కలిసి కదలుట.

ఊరివారు సభలు జరిపి మూడవ దారినే ఎన్నుకొనిరి. తమలో తాము సంఘములుగా ఏర్పడి, వీధులు, బడి, నీటి సరఫరా, చర్చీలు ఎక్కడ ఉండవలెనో ఆలోచించిరి. రెండు మైళ్ల లోపు దూరమున, పాత ఊరికి సుమారు 400 అడుగుల ఎత్తున, మెట్టమీద దాదాపు 500 ఎకరముల భూమి కొనిరి. 1993 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఇట్టి తరలింపులకు తానిచ్చు భాగమును సగమునుండి నూటికి 75 వంతులకు పెంచెను. వాల్‌మేయర్ తరలింపునకు మొత్తము నాలుగున్నర కోట్ల డాలర్ల వరకు వ్యయమయ్యెను. 1995లో కొత్త ఊరి తొలి ఇండ్లలోనికి జనులు ప్రవేశించిరి.

అది సులభముగా జరిగిన పని కాదు. రెండేండ్లు తాత్కాలికపు ఇండ్లలో గడుపవలసి వచ్చెను. ఆగలేనివారు ఇతర పట్టణములకు పోయిరి. వృద్ధులు కొందరికి కొత్తగా అప్పుచేసి ఇల్లు కట్టు వయస్సు దాటియుండెను. 2000 జనాభా లెక్కలలో ఊరి జనము సుమారు 600 మాత్రమే. 2010 నాటికి అది 1,200 దాటెను. ప్రభుత్వము కొన్న పాత ఊరి స్థలములలో మరల ఇండ్లు కట్టరాదు. అవి ఎన్నటికిని ఖాళీగానే ఉండవలెనని చట్టము. రైతులు మెట్టమీద నివసించి, పల్లములోనికి దిగి సేద్యము చేయుచున్నారు. నేలను వారు విడువలేదు. నిద్రించు చోటును మాత్రము మార్చుకొనిరి.

పటముమీది గీత

ఊరు తరలుటతో కౌంటీకి వరద సమస్య తీరలేదు. అమెరికాలో వరద నేలను గుర్తించుటకు ప్రభుత్వము పటములు వేయును. నూరేండ్ల వరదకు మునుగు భాగము చుట్టు ఒక గీత ఉండును. గీతకు లోపల ఉన్నవాడు అప్పు తీసికొన్నచో బీమా తప్పనిసరి. బయట ఉన్నవానికి ఆ నిర్బంధము లేదు. ఆ గీత న్యాయనిర్ణయమునకు అవసరమే. కాని నీరు గీతకడ ఆగదు. ఈ పథకము క్రింద వచ్చు నష్టపరిహారపు దరఖాస్తులలో ఐదింట ఒక వంతుకు పైగా గీతకు బయటి ఇండ్లవే. పల్లె కౌంటీలలో ఈ చిక్కు ఇంకను ఎక్కువ. పెద్దనదికి కొలతలున్నవి, పొలముల నడుమ పారు వాగులకు నీటి కొలబద్దలు తక్కువ. అనేక చోట్ల పటములో వరద నేల గుర్తింపబడినను, నీరు ఎంత ఎత్తునకు వచ్చునో వ్రాసి యుండదు. ఇల్లు కట్టువాడు ఆ ఎత్తును ఊహించుకొనవలసినదే.

కట్ట వెనుకనున్న నేల సంగతి విచిత్రమైనది. నూరేండ్ల వరదను ఆపగలదని ప్రభుత్వము అంగీకరించిన కట్ట వెనుక బీమా నిర్బంధము లేదు. నిర్బంధము లేనిచోట కొనువారు అరుదు. సెయింట్ లూయిస్‌కు ఎదుటి ఒడ్డునగల కట్టలను అట్లు అంగీకరింపజాలమని కేంద్రప్రభుత్వము తెలుపగా, మన్రో, సెయింట్ క్లెయిర్, మాడిసన్ కౌంటీలు మూడును చేరి, 2009నుండి డాలరు అమ్మకమునకు పావు సెంటు చొప్పున పన్ను వేసి, ఆ కట్టలను బాగుచేయించినవి. ప్రజలు తమ కట్టకు తామే సొమ్ము చెల్లించుట మెచ్చదగినది. కాని బలపడిన కట్ట వెనుకనున్నవారు 1947 తరువాతి వాల్‌మేయర్‌ను మరువరాదు.

బీమా ఇల్లు నిలబెట్టగలదు, ప్రాణమును తేజాలదు. మిసిసిపీ వంటి పెద్దనది దినముల ముందు హెచ్చరించి వచ్చును. కొండవాగు అట్లు రాదు. 2025 జులై 4వ తేదీ తెల్లవారుజామున టెక్సస్ రాష్ట్రములో కెర్ కౌంటీ అను మరియొక పల్లె ప్రాంతమున గ్వాడలూప్ నది 45 నిమిషములలో 26 అడుగులు పెరిగినదని అధికారులు తెలిపిరి. ఆ ఒక్క కౌంటీలోనే నూరుమందికి పైగా మరణించిరి. వారిలో నది ఒడ్డున వేసవి శిబిరమున నిద్రించుచున్న బాలికలును కలరు. అట్టిచోట పాలసీకంటె ముందు కావలసినది రాత్రివేళ నిద్రలేపు హెచ్చరిక, పరుగెత్తుటకు దగ్గరలో మెరక. ప్రమాదమును తెలిసికొనుట యనగా తన యెదుటనున్నది ఏ జాతి వరదయో తెలిసికొనుట కూడను.

తెలుగునాట ఇదే లెక్క

నూటికొక వంతు లెక్క మిసిసిపీకి మాత్రమే సంబంధించినది కాదు. భద్రాచలము కడ గోదావరి 53 అడుగులకు చేరినచో మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేయుదురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు పెరిగెను. ఆ యెత్తు ఇక తమ జీవితకాలమున రాదని తలచినవారు ఎందరో. 2022 జులైలో నీరు 71.3 అడుగులకు చేరెను. గింజ సంచిలోనే ఉన్నది.

భారతదేశమున అమెరికాలో వలె వరదకు వేరుగా జాతీయ బీమా పథకము లేదు. కాని ఇండ్లకు అగ్నితోపాటు వరద, తుపాను నష్టములను గూడ చేర్చిన ‘భారత్ గృహ రక్ష’ అను ప్రామాణిక పాలసీని 2021 ఏప్రిల్ 1నుండి సామాన్య బీమా కంపెనీలన్నియు అమ్మవలెనని నియంత్రణ సంస్థ నిర్ణయించినది. అట్టిదొకటి కలదని తెలిసిన గ్రామస్థులు తక్కువ. తెలుపువారు కావలెను.

ఆ పని పాఠశాలనుండి మొదలు కావచ్చును. నదీతీరపు ప్రతి ఊరిలోను పాత వరద మట్టమును ఎరిగినవారు కొందరుందురు. ఏ గుడి మెట్టు వరకు నీరు వచ్చినదో, ఏ అరుగు మునిగినదో, ఏ సంవత్సరమో వారిని అడిగి వ్రాసికొని, నేటి ఇండ్ల నేలమట్టముతో పోల్చి చూచుట విద్యార్థులకు అసాధ్యమైన పని కాదు. ఆ కొలతల పట్టిక, సంచిలోని గింజలు, ముప్పదిసార్ల గుణకారము – ఈ మూడును కలిసినచో ఒక ఊరు తన ప్రమాదమును తానే చదువుకొనగలదు. ఇల్లు ఎక్కడ కట్టవలెనో, ఎంత ఎత్తున కట్టవలెనో, బీమా కొనవలెనో లేదో అటుపిమ్మట ఎవరి శక్తికొలది వారు నిర్ణయించుకొందురు. వాల్‌మేయర్ ఈ లెక్కను ఊరు మునిగిన పిమ్మట చేసికొనెను. నీరు లేని వేసవిలో చేసికొనుట అంతకంటె చవుక.